సోడియం తగ్గినప్పుడు తొందర పనికిరాదు

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో పెద్దాయన రెండు రోజులుగా తూలుతూ నడుస్తున్నారు. అన్న మాటే మళ్లీ అంటున్నారు, అన్నం సహించడం లేదంటున్నారు. వయసు మీద పడిందిలే అనుకుంటాం. ఆసుపత్రిలో రక్తం పరీక్షిస్తే సోడియం 118 అని తేలుతుంది. ఉండవలసింది 135 నుంచి 145 మధ్య. ఉప్పు తగ్గిందట అని బంధువులకు ఫోన్లు వెళతాయి. మజ్జిగలో ఇంకో చిటికెడు ఉప్పు వేసి తాగించమనే సలహాలూ వస్తాయి.

చాలామందిలో అసలు జరిగేది ఉప్పు తగ్గడం కాదు, నీరు పెరగడం. పప్పుచారులో నీళ్లు ఎక్కువైతే చప్పబడినట్టే. వాసోప్రెసిన్ అనే హార్మోను మూత్రపిండాల చేత ఒంట్లో నీటిని నిలబెట్టిస్తుంది. గుండె బలహీనపడినా, న్యుమోనియా వంటి జబ్బులు వచ్చినా అది మోతాదు మించుతుంది. కొన్ని మందులూ సోడియాన్ని తగ్గిస్తాయి. రక్తపోటుకు వాడే హైడ్రోక్లోరోథయజైడ్, మూర్ఛకు వాడే కార్బమజెపైన్, దిగులుకు వాడే ఎస్సిటాలోప్రామ్ ఆ కోవలోవే. అందుకే జాగ్రత్త గల వైద్యులు కొత్త మాత్ర రాసే ముందు పాత మాత్రల సంచీ తెమ్మంటారు. ఒక్కోసారి అందులో ఒకటి మాన్పించడమే వైద్యం. మాన్పించవలసింది మాత్రం వైద్యులే, మనం కాదు.

ఇక టోల్వాప్టాన్ సంగతి. వాసోప్రెసిన్ పనికి మూత్రపిండాల దగ్గరే అడ్డుకట్ట వేసే మాత్ర ఇది. నీరు మూత్రంగా పోతుంది, సోడియం నిలుస్తుంది. అమెరికాలో 2009లో అనుమతి పొందింది, మన మందుల షాపుల్లోనూ దొరుకుతుంది. మామూలుగా రోజుకు 15 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. మంచి మందే. కానీ ఆసుపత్రిలో ఉంచి మొదలుపెట్టవలసిన మందు.

ఎందుకంటే ప్రమాదమంతా వేగంలో ఉంది. సోడియం రోజుల తరబడి తక్కువగా ఉంటే మెదడు కణాలు ఆ స్థితికి అలవాటు పడతాయి. అప్పుడు సోడియం ఒక్కసారిగా పెరిగితే ఆ కణాల్లోని నీరు బయటికి లాక్కుపోతుంది, నరాల తీగల మీది పొర దెబ్బతింటుంది. సారాయి అలవాటున్నవారిలో, పోషకాహారం లేక చిక్కిపోయినవారిలో ఈ మెదడు జబ్బును అమెరికా వైద్యులు 1959లోనే వర్ణించారు. సోడియం వేగంగా పెరగడమే కారణమని ఆ తర్వాత తేలింది. మరీ దారుణమేమిటంటే, ఇది వెంటనే కనబడదు. రోగి తేరుకున్నాడని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాక, కొద్ది రోజులకు మాట ముద్దగా వస్తుంది, మింగుడు పడదు, కాళ్లూ చేతులూ చచ్చుబడతాయి.

కాబట్టి 24 గంటల్లో సోడియం 12 పాయింట్లకు మించి పెరగకూడదు. మద్యం అలవాటు, కాలేయ జబ్బు, పొటాషియం తక్కువగా ఉండటం వంటివి ఉంటే 8 దగ్గరే ఆపాలని చూస్తారు. మొదటి రోజు కొన్ని గంటలకొకసారి రక్తం తీసేది అందుకే. ఊరికే బిల్లు పెంచుతున్నారని విసుక్కోకండి. అంతవరకు నీళ్లు తగ్గించమన్న వైద్యులే, ఈ మాత్ర వేసిన మొదటి రోజు దాహమైనప్పుడల్లా తాగనివ్వమంటారు. అది పొరపాటు కాదు. సోడియం దూసుకుపోకుండా కాపాడేది ఆ దాహమే. దాహం తెలియనివారికి, మూత్రం రానివారికి ఈ మందు ఇవ్వరు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు ఇంకిపోయినవారికీ ఇవ్వరు, వారికి కావలసింది సెలైన్. ఫిట్స్ వస్తున్న మనిషికైతే మాత్రతో పని కాదు, గాఢత ఎక్కువైన సెలైన్‌ను కొలిచి, కనిపెట్టుకుని ఎక్కిస్తారు.

నాకు ఎక్కువ భయం డిశ్చార్జి తర్వాతే. మళ్లీ నీరసంగా ఉందని పాత చీటీ చూపించి షాపులో పది మాత్రలు కొనేస్తారు. ఆపిన టోల్వాప్టాన్‌ను తిరిగి మొదలుపెట్టినా ఆసుపత్రిలోనే మొదలుపెట్టాలి. కాలేయానికి హాని చేయగలదు కనుక సోడియం కోసం 30 రోజులు మించి వాడరు, కాలేయ జబ్బు ఉన్నవారికి అసలు వద్దంటారు. తామరకు విరివిగా రాసే ఇట్రాకోనజోల్, ఇన్‌ఫెక్షన్లకు ఇచ్చే క్లారిత్రోమైసిన్ దీనితో కలిస్తే రక్తంలో దీని మోతాదు బాగా పెరిగిపోతుంది. చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లినా ఈ మాత్ర పేరు చెప్పండి. మాత్ర ఆపాక సోడియం మళ్లీ జారవచ్చు, పరీక్షకు ఎప్పుడు రమ్మంటారో డిశ్చార్జి రోజునే అడిగి కాగితం మీద రాయించుకోండి.