కండోమ్యాన్ చెప్పిన మాట

శ్రోతలకు నమస్కారం.

1987లో ఆస్ట్రేలియా టీవీలో ఎయిడ్స్ మీద ఒక ప్రకటన వచ్చింది. నల్ల ముసుగు మృత్యువు బౌలింగ్ బంతి దొర్లిస్తుంటే, ఆడామగా పిల్లాజెల్లా వరసగా కూలిపోతారు. చూసినవాళ్లు హడలిపోయారు. హడలిపోయాక ఏం చేయాలో మాత్రం తెలియలేదు.

అదే ఏడాది, క్వీన్స్‌లాండ్‌లోని టౌన్స్‌విల్‌లో ఆదివాసీ ఆరోగ్య కార్యకర్తలు కొందరు ఇంకో దారి పట్టారు. వాళ్లలో గ్రేస్లిన్ స్మాల్‌వుడ్ అనే నర్సు ఒకరు. తమ ఊళ్లలో జనం ఇష్టంగా చదివేది ఫాంటమ్ బొమ్మల కథలు. సరే, మనకూ ఒక వీరుడు ఉండాలన్నారు. మన రంగు, మన మొహం ఉండి, కండోమ్ వాడమని చెప్పే వీరుడు. పేరు కండోమ్యాన్! పోస్టరు మీద మాట: ‘డోంట్ బీ షేమ్, బీ గేమ్’. సిగ్గుపడకు, సై అను.

ఆ ‘షేమ్’ అనే మాట దగ్గర కాసేపు ఆగుదాం. ఆదివాసీల ఇంగ్లీషులో దానికి బరువెక్కువ. నలుగురిలో నీ ఒక్కరి మీదే చూపు పడితే మొహం చెల్లదు చూడండి, అదీ షేమ్. మన ‘సిగ్గు’కీ ‘తలవంపు’కీ మధ్య ఎక్కడో ఉంటుంది. భయపెడితే ఆ షేమ్ పెరుగుతుందే గానీ తగ్గదు.

2009లో, ఆదివాసీ గే, ట్రాన్స్‌జెండర్ వారి కోసం పనిచేసే ‘2 స్పిరిట్స్’ బృందం కండోమ్యాన్‌ని మళ్లీ రంగంలోకి దించింది. ఈసారి తోడుగా లూబెలీషియస్ అనే వీరవనితను తెచ్చింది. ఆవిడ పేరులోనే విషయం ఉంది: లూబ్, అంటే ఒరిపిడి లేకుండా జారడానికి రాసుకునే జెల్. మనం కూడా వినాల్సిన సంగతే. కొబ్బరినూనె, వేజలీన్ తగిలితే లేటెక్స్ కండోమ్ నిమిషాల్లో బలం కోల్పోయి చిరుగుతుంది. నీటితోనో సిలికాన్‌తోనో చేసిన లూబ్ వాడాలి. నూనె వద్దు. కొంచెమైనా వద్దు.

ఇక క్లినిక్ సంగతి. అక్కడి చాలా ఊళ్లలో మగవాళ్ల విషయాలు మగవాళ్లవే, ఆడవాళ్లవి ఆడవాళ్లవే. కొన్ని క్లినిక్‌లలో తలుపులు కూడా వేరు. ఒకరిని పుట్టినప్పుడు మగపిల్లాడన్నారు, తాను ఆడమనిషిగా బతుకుతోంది. అలాంటివారిని సిస్టర్‌గర్ల్ అంటారు. ఆవిడ ఏ తలుపు తట్టాలి? పైగా కౌంటర్‌లో కూర్చున్నది వరసకు పిన్ని! అందుకే అనుభవమున్న కార్యకర్త ముందు రెండే అడుగుతారు: నిన్ను ఏమని పిలవాలి, ఎవరు చూస్తే నీకు నయం? మనవాళ్లే చూడాలని కొందరంటారు, ఎరగనివాళ్లయితేనే మేలని కొందరంటారు. రెండూ సబబే, నన్నడిగితే.

అసలు పొరపాటు జరిగేది సెక్స్ ద్వారా వచ్చే జబ్బుల పరీక్ష దగ్గర. మొహమాటానికి పోయి మూత్రం ఒక్కటే తీసుకుని పంపేస్తారు. గనేరియా, క్లమీడియా గొంతులోనో మలద్వారంలోనో ఉంటే మూత్రంలో కనబడవు. చాలాసార్లు నొప్పీ ఉండదు, స్రావమూ ఉండదు. రిపోర్టులో ‘నెగెటివ్’ అని వస్తుంది, జబ్బు మాత్రం ఒంట్లోనే ఉంటుంది. మందు కూడా చోటును బట్టి మారుతుంది: మలద్వారంలో క్లమీడియాకు ఒక్క డోసు అజిత్రోమైసిన్ కంటే, 7 రోజులు రోజుకు రెండుసార్లు 100 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ బాగా పనిచేస్తుంది.

దీనికి షేమ్ లేని ఉపాయం ఉంది. స్వాబ్ పుల్ల చేతికిచ్చి, గది తలుపు వేసుకోమంటే చాలు. పుల్ల కొసను నీళ్లతో తడిపి, మలద్వారంలోకి రెండు మూడు సెంటీమీటర్లు పెట్టి, పది అంకెలు లెక్కపెట్టేదాకా మెల్లగా తిప్పి, గొట్టంలో వేసి మూత బిగించాలి. ఎవరికి వాళ్లు తీసుకున్నా ఫలితం నర్సు తీసినంత బాగానే వస్తుంది.

సెక్స్ ద్వారా వచ్చే ఇంకో జబ్బు సిఫిలిస్. దానికి వేలి నుంచి తీసిన రక్తపు చుక్కతో 15 నిమిషాల పరీక్ష ఉంది. ఒక తిరకాసు కూడా ఉంది: వెనక ఎప్పుడో జబ్బు వచ్చి, మందుతో నయమైనవాళ్లకూ అది ‘పాజిటివ్’ అనే చూపిస్తుంది. వాళ్లకు ఆర్‌పీఆర్ అనే రక్తపరీక్ష చేసి, పాత అంకెతో పోల్చి చూడాలి.

మన దగ్గర అడగాలనుకునేవారికి 1097 హెల్ప్‌లైన్ ఉంది. పెద్ద సర్కారు ఆసుపత్రుల్లో హెచ్ఐవీ పరీక్ష ఉచితం.

క్లినిక్‌లో పనిచేసేవారికి ఒక్క మాట. గొట్టాల మీద ‘గొంతు’, ‘మలద్వారం’ అని విడివిడిగా రాయండి. రాయకపోతే ల్యాబ్ తిప్పి పంపొచ్చు. ఎంతో ధైర్యం కూడగట్టుకుని వచ్చిన మనిషి, మళ్లీ రమ్మంటే రాదు.