ఆసుపత్రి వాసన వెనక ఏముంది? లఫ్రోయిగ్ పదేళ్ళది రుచి చూద్దాం రండి

అందరికీ నమస్తే. ఇదిగో, ఆకుపచ్చ సీసా, తెల్ల లేబుల్. లఫ్రోయిగ్ అనే స్కాచ్ సింగిల్ మాల్ట్ విస్కీ, అంటే ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతోనే చేసింది. పదేళ్ళది, అంటే కనీసం పదేళ్ళు పీపాలో ఊరింది. కొన్నేళ్ళ కిందట మా బావ దుబాయ్ నుంచి వస్తూ ఇలాంటిదే ఒకటి పట్టుకొచ్చాడు, ఖరీదైన సింగిల్ మాల్ట్ రా అని ఫోన్లో వారం రోజులు ఊరించి మరీ తెచ్చాడు. రాత్రి డాబా మీద కూర్చుని పెద్ద పెగ్గులు పోసి, గ్లాసు నిండా ఐసు వేసి, పైన సోడా కొట్టి, పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టుకుని మొదలుపెట్టాం. బావ ఒక్క గుటక వేసి గ్లాసు కింద పెట్టేశాడు. "ఒరేయ్, ఇది ఆసుపత్రిలో నేల తుడిచే నీళ్ళలా ఉందిరా" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. ఆ సీసా రెండేళ్ళు బీరువాలో బట్టల వెనక పడుంది.

ఆ రాత్రి మేం ఎక్కడ చెడగొట్టామో ఇవాళ చూపిస్తాను. తాగే వయసు రానివాళ్ళు, ఇంకాసేపట్లో బండి తీయాల్సినవాళ్ళు ఇక్కడే ఆగిపోండి. మిగతావాళ్ళు ఒక గంట తీరిక చేసుకోండి, పోసేది మాత్రం 30 మిల్లీలీటర్లే.

ముందు మా బావకి న్యాయం చేయాలి. ఆయన ముక్కు కరెక్టుగానే పట్టింది. ఈ విస్కీలో పొగ వాసనకి కారణం ఫీనాల్స్ అనే రసాయనాల కుటుంబం. అసలు ఫీనాల్‌కి పాత పేరు కార్బాలిక్ ఆమ్లం. 1865లో గ్లాస్గో ఆసుపత్రిలో జోసెఫ్ లిస్టర్ అనే డాక్టరు గాయాలు చీము పట్టకుండా వాడింది దాన్నే. మన డెట్టాల్‌లో ఉండే క్లోరోజైలెనాల్ కూడా ఆ కుటుంబానిదే. కాబట్టి మీకు ఆసుపత్రి గుర్తొస్తే సిగ్గుపడక్కర్లేదు, అక్కడా ఇక్కడా చుట్టాలే ఉన్నారు. అమెరికాలో మద్యనిషేధం ఉన్న రోజుల్లో, 1920 నుంచి 1933 దాకా, దీన్ని ఔషధం కిందే అమ్మారని ఈ కంపెనీవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. వాసన చూసిన అధికారులు నమ్మేసి ఉంటారు మరి!

సరే, ఇది ఎక్కడిది? స్కాట్లాండ్ పడమటి తీరంలో ఒక దీవి ఉంది. స్పెల్లింగ్ చూసి ఇస్లే అనకండి, ఐలా అనాలి. దాని దక్షిణ తీరంలో లఫ్రోయిగ్, లాగవులిన్, ఆర్డ్‌బెగ్ అని మూడు డిస్టిలరీలు వరసగా సముద్రం ఒడ్డునే ఉంటాయి, పోర్ట్ ఎలెన్ అనే ఊరి నుంచి నడుచుకుంటూ వెళ్ళి మూడూ చూసి రావచ్చు. లఫ్రోయిగ్ 1815లో మొదలైంది.

చెట్లు తక్కువగా ఉండే ఆ దీవిలో ఒకప్పుడు వంటచెరకు అంటే పీటే. చిత్తడి నేలలో నాచు, గడ్డి, చిన్న చిన్న పొదలు చచ్చిపోయి, ఎప్పుడూ నీళ్ళలో మునిగి ఉండటం వల్ల పూర్తిగా కుళ్ళిపోకుండా, ఒకదాని మీద ఒకటి పేరుకుని నల్లటి మెత్తటి మట్టిలా తయారవుతాయి. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుందంటారు, అంటే అడుగు లోతు తవ్వితే మీ చేతికి వచ్చేది మూడు వందల ఏళ్ళ నాటి గడ్డి. దాన్ని ఇటుకల్లా కోసి, మన పిడకల్లా ఎండబెట్టి పొయ్యిలో పెడతారు.

మాల్ట్ అనే మాట మనకి కొత్తేం కాదు, రాగి మాల్ట్‌లో ఉన్న మాల్ట్ ఇదే. రాగులు నానబెట్టి మొలకలు కట్టినట్టే బార్లీని నానబెట్టి మొలకెత్తిస్తారు, ఆ మొలక ఇంకా పెరగకుండా ఆరబెట్టాలి కదా, అప్పుడు కింద పీట్ మండిస్తారు. గింజ తడిగా ఉన్నప్పుడే పొగ బాగా పట్టుకుంటుంది. అంతే, ఈ విస్కీలో పొగంతా అక్కడి నుంచి వచ్చిందే. చాలామంది నీళ్ళ నుంచి వస్తుందనో, పీపా కాల్చడం వల్ల వస్తుందనో అనుకుంటారు. పీపాకి వేరే పని ఉంది, ఇక్కడ వాడేది అమెరికాలో బోర్బన్ అనే మొక్కజొన్న విస్కీ పోసి ఖాళీ చేసిన ఓక్ పీపాలు, వాటి నుంచి వచ్చేది వెనిల్లా లాంటి తీపి. ఈ తీపిని గుర్తు పెట్టుకోండి, తర్వాత దీనికోసమే వెతుకుతాం.

ఇంకోటి, పీపీఎం అని ఒక అంకె వింటుంటారు, పది లక్షల వంతుల్లో ఫీనాల్స్ ఎన్ని వంతులో చెప్పే లెక్క అది. లఫ్రోయిగ్ 40 నుంచి 45, ఆర్డ్‌బెగ్ 55 దగ్గర, ఆక్టోమోర్ అనే ఇంకో ఐలా విస్కీ అయితే చాలాసార్లు వంద దాటేస్తుంది. ఆ అంకె చూసి మీసం మెలేయడం నాకు నచ్చదు, ఎందుకంటే అది కొలిచేది బార్లీలో, సీసాలో కాదు. లాగవులిన్, అదే దీవిలోని కుల్ ఈలా, ఈ రెండు డిస్టిలరీలకీ దాదాపు ఒకే రకం పొగ పట్టించిన బార్లీ వెళ్తుంది, తాగి చూస్తే మాత్రం లాగవులిన్ బరువుగా, కుల్ ఈలా తేలిగ్గా ఉంటుంది. మధ్యలో రాగి లోహంతో చేసిన బట్టీలు, వాటిలో కాచి ఆవిరి పట్టే మనుషుల నిర్ణయాలు చాలా ఉన్నాయి.

ఇక గ్లాసు. కింద బొజ్జ, పైన సన్నటి మూతి ఉన్నది కావాలి. ఇది గ్లెన్‌కెయిర్న్ అనే రకం, లేకపోతే చిన్న వైన్ గ్లాసు చాలు. వెడల్పు మూతి గ్లాసులో వాసనంతా గాలికి పోతుంది. ఐసు వద్దు, చల్లబడితే వాసన ముడుచుకుపోతుంది, మేం చేసిన మొదటి తప్పు అదే. రంగు చూసి మురిసిపోకండి, స్కాట్లాండ్ రూల్స్ ప్రకారం రంగు కోసం కారమెల్ కలపొచ్చు.

పోశారా? పది నిమిషాలు అలా వదిలేయండి. ఇప్పుడు ముక్కు గ్లాసులో పెట్టేయకండి, కనీసం 40 శాతం ఆల్కహాల్ ఉంది, ముక్కు మొద్దుబారిపోతుంది. గ్లాసుని గడ్డం దగ్గర పట్టుకుని, నోరు కొంచెం తెరిచి, ఇలా, మెల్లగా పైకి తీసుకురండి. మొదట వచ్చేది పొగే. దాంతో పాటు టింక్చర్ అయోడిన్, ఉప్పు, కొంచెం నీచు వాసన. దింపేయండి. ఒక నిమిషం ఆగి మళ్ళీ చూడండి.

ఎందుకు ఆగమంటున్నానంటే, ఇంట్లో ఎండుమిర్చి పోపు పెట్టినప్పుడు బయటి నుంచి వచ్చినవాళ్ళు దగ్గుతారు, లోపల ఉన్నవాళ్ళకి అంతగా తెలియదు, గమనించారా? ముక్కు ఒకే వాసనకి కాసేపట్లో అలవాటు పడిపోతుంది. ఇక్కడ మనకి కావాల్సింది అదే. నాలుగైదు సార్లు చూశాక పొగ కాస్త పక్కకి జరుగుతుంది, దాని వెనక ఉన్నవి అప్పుడు బయటికొస్తాయి. ఆ రాత్రి మేం గుమ్మంలోనే దగ్గి వెనక్కి తిరిగి వచ్చేశాం.

ఏం బయటికొస్తుందో మీ మాటల్లోనే చెప్పుకోండి. ఇంగ్లీషు వీడియోల్లో హెదర్ అంటారు, టోఫీ యాపిల్ అంటారు, మనం ఎప్పుడూ చూడని వాటిని తలుచుకుని ఏం లాభం? నాకు దాలి పాలు గుర్తొస్తాయి. పల్లెటూళ్ళో దాలిగుంటలో పిడకల సెగ మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాగి, ఎర్రబడి, మందంగా మీగడ కట్టిన పాలు తాగారా? అందులో పొగ ఉంటుంది, ఆ పొగ కిందే తీపి ఉంటుంది, రెండూ విడదీయలేం. ఈ గ్లాసులోనూ సరిగ్గా అదే కథ, పీపా ఇచ్చిన వెనిల్లా తీపి పొగ కింద పడుకుని ఉంటుంది. అది దొరికిన క్షణం నుంచి ఇది వేరే విస్కీ.

ఇప్పుడు నోట్లోకి. చెంచాలో సగమంత చాలు. మింగేయకండి, నాలుక అంతా తడిసేలా తిప్పండి. మొదటి గుటక లెక్కలోకి రాదు, అది నోటికి పరిచయం మాత్రమే. రెండోది చూడండి. ముందు తీపి, వెంటనే ఉప్పు, తర్వాత ఘాటు, మింగాక బూడిద. మింగిన తర్వాత నోరు మూసుకుని ముక్కుతో గాలి వదలండి, ఆరిపోయిన కుంపటి దగ్గర కూర్చున్నట్టు ఉంటుంది. అది ఎంతసేపు నిలుస్తుందో చూడండి, నాకైతే ఒక్కోసారి ఐదు నిమిషాలు పోదు.

నీళ్ళు పోయొచ్చా అంటే, హాయిగా పోయండి, కానీ చుక్కలుగా. స్ట్రా నీళ్ళలో ముంచి పైన వేలితో మూసి తీస్తే ఇలా చుక్కలు వస్తాయి, డ్రాపర్ కొనక్కర్లేదు. 2017లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఇద్దరు కంప్యూటర్ మీద లెక్కలు వేసి చూపించారు, పొగ వాసనిచ్చే గ్వాయకాల్ అనే పదార్థం, ఆల్కహాల్ ఎక్కువ గాఢంగా ఉన్నప్పుడు లోపలికి కలిసిపోతుందని, 45 శాతం దాకా పల్చబడితే పైకి చేరుతుందని. ఈ సీసా ఎలాగూ అంతకంటే తక్కువే, అందుకే దీనికి రెండు మూడు చుక్కలు సరిపోతాయి. పీపాలోంచి తీసింది తీసినట్టు నింపే కాస్క్ స్ట్రెంత్ సీసాలకి మాత్రం నీళ్ళు నిజంగా అవసరం.

మంచింగ్ సంగతి. మిరపకాయ బజ్జీ వద్దు, కారం మీద ఆల్కహాల్ పడితే నాలుకకి మంట తప్ప ఇంకేం తెలియదు. ఐలాలో వాళ్ళు ఆయిస్టర్లు అనే సముద్రపు ఆల్చిప్పల మీద విస్కీ పోసుకుని తింటారు, ఉప్పూ పొగా భలే కుదురుతాయి. మనకి చేతికందేది తాటిబెల్లం. చిన్న ముక్క నోట్లో కరగనిచ్చి ఒక గుటక వేయండి, నేనైతే డార్క్ చాక్లెట్ కంటే దీనికే ఓటేస్తాను.

ఇంత చేసినా నచ్చకపోతే? నచ్చదంతే, ఏమీ మునిగిపోలేదు. పొగ నచ్చి ఆసుపత్రి వాసన నచ్చకపోతే స్కాట్లాండ్‌లోనే స్కై దీవి నుంచి వచ్చే టాలిస్కర్ విస్కీ చూడండి, పొగ తక్కువ, మిరియాల ఘాటు ఎక్కువ. ఈ రెండోసారి పద్ధతి ప్రకారం పోసిచ్చాక మా బావ గ్లాసు ఖాళీ చేశాడు గానీ, "ఆసుపత్రి వాసన మాత్రం పోలేదురా, కాకపోతే ఇది ప్రైవేటు ఆసుపత్రి" అన్నాడు.

చివరగా, గ్లాసు కడక్కుండా అలాగే పెట్టి పడుకోండి. పొద్దున లేచి వాసన చూడండి, ఆల్కహాల్ అంతా ఆవిరైపోయి ఉత్త పొగ, బూడిద, కొంచెం తీపి మిగులుతాయి. ఒకసారి నేను అలా హాల్లో వదిలేస్తే, మా అమ్మ పొద్దున్నే అటుగా వెళ్తూ "ఇవాళ శుక్రవారం కూడా కాదు, సాంబ్రాణి ఎవరు వేశార్రా?" అని అడిగింది. నేను గ్లాసు తీసుకుని నెమ్మదిగా వంటింట్లోకి వెళ్ళిపోయాను.