నైఫ్ ముందు ఆ 'కె' ఎందుకు?

శ్రోతలందరికీ నమస్కారం.

చిన్నప్పుడు బళ్లో "కె ఎన్ ఐ ఎఫ్ ఇ, నైఫ్" అని వల్లె వేస్తుంటే నాకు ఒకటే అనుమానం. పలకని ఆ 'కె' అక్కడెందుకు? అడిగితే మాస్టారు "అది సైలెంటురా, నువ్వు కూడా సైలెంటుగా ఉండు" అన్నారు. అసలు జవాబు తెలియడానికి చాలా ఏళ్లే పట్టింది. ఒకప్పుడు ఆ 'కె' మూగది కాదు. ఇంగ్లండులో ఆ మాటని 'క్నీఫ్' అని పలికేవాళ్లు. 17వ శతాబ్దం ముగిసేసరికి నాలుక 'కె'ని వదిలేసింది. చెయ్యి మాత్రం వదల్లేదు.

ఎందుకంటే, మధ్యలో అచ్చుయంత్రం వచ్చింది. అంతకుముందు కథ కాస్త చెప్పాలి. 1066లో ఫ్రాన్సులోని నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లండును గెలిచాక, రాజుగారి కొలువులోనూ కోర్టుల్లోనూ ఫ్రెంచిదే పెత్తనం. ఇంగ్లీషేమో పొలాల్లో, వంటిళ్లలో బతికింది. కోర్టు వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని రాసింది మాత్రం ఫ్రెంచిలోనే!

ఇక 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుకూటం పెట్టాడు. ఇంగ్లండులో అదే మొదటిది. అయితే ఏ ఇంగ్లీషుని అచ్చువేయాలి? ఊరికో యాస. ఆయన 1490లో ఓ పుస్తకం ముందుమాటలో చెప్పిన సంగతి వినండి. కొందరు వర్తకులు థేమ్స్ నది మీద పడవలో బయల్దేరారు. గాలి లేక పడవ ఆగింది. ఒడ్డున ఓ ఇంటికి వెళ్లి, తినడానికి 'ఎగ్స్' ఉన్నాయా అని అడిగారు. ఆ ఇల్లాలు "నాకు ఫ్రెంచి రాదయ్యా" అంది. అడిగినాయనకి కోపం వచ్చింది. పాపం, ఆయనకీ ఫ్రెంచి రాదు! పక్కనున్న ఇంకొకాయన "ఐరెన్ కావాలమ్మా" అన్నాక గానీ ఆమెకి అర్థం కాలేదు. ఐరెన్ అన్నా గుడ్లే. అది పాత ఇంగ్లీషు మాట. ఎగ్ అనేది స్కాండినేవియా నుంచి వచ్చిన వైకింగుల భాష నుంచి వచ్చి ఇంగ్లండు ఉత్తరాన స్థిరపడింది. ఈ రెండింట్లో ఏది రాయాలని కాక్స్‌టన్ తల పట్టుకున్నాడు. చివరికి ఏది నిలిచిందో మన ఆమ్లెట్ బండి మీదున్న బోర్డే చెబుతుంది.

అచ్చు వల్ల స్పెల్లింగులు మెల్లగా గట్టిపడ్డాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే జనం నోట్లో ఆ, ఈ, ఊ లాంటి అచ్చుల పలుకు మారిపోతోంది. సుమారు 1400 నుంచి 1700 దాకా సాగిందీ మార్పు. 'హూస్' కాస్తా హౌస్ అయింది, 'టీమ' టైమ్ అయింది. నేమ్‌ని అంతకుముందు 'నామ' అనేవాళ్లు. వినడానికి మన నామంలాగే లేదూ? సంస్కృత నామానికీ దానికీ నిజంగానే చుట్టరికం ఉంది. పలుకు మారిపోయినా రాత పాతదే ఉండిపోయింది.

పండితులు చేసిన పని ఇంకోటి. అప్పుని "డి ఇ బి టి, డెట్" అంటారు కదా, ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో 'బి' లేదు. లాటిన్‌లో 'డెబిటుమ్' ఉంది కాబట్టి ఇక్కడా ఉండాలని వాళ్లే ఇరికించారు. అప్పు మీద వడ్డీ అన్నమాట. పిల్లలు ఇప్పటికీ కడుతున్నారు.

అన్నట్టు, ఇంగ్లీషులో నువ్వు, మీరు అనే తేడా కూడా ఉండేది. 'దౌ' అంటే నువ్వు. మర్యాద కోసం అందరినీ 'యూ' అంటూ పోగా నువ్వు అరిగిపోయింది, మీరు మిగిలింది. ఇంగ్లీషుకి గౌరవం తెలీదని మన పెద్దలు అంటుంటారు. నాకైతే గౌరవం ఎక్కువైపోయిందనిపిస్తుంది.

మన దగ్గర్నుంచి కూడా ఓ మాట పట్టుకెళ్లారు. మన పందికొక్కు వాళ్ల నోట్లో బాండికూట్ అయింది. తర్వాత ఆ పేరు ఆస్ట్రేలియాలో, కంగారూలా పొట్టసంచి ఉండే వేరే జంతువుకీ తగిలించారు. ఒకందుకు సంతోషం: ఆ మాటలో మాత్రం సైలెంటు అక్షరం ఒక్కటీ లేదు.

సెలవు, నమస్కారం.