సిమ్ము ముందా, సెల్లు ముందా? ఇంటి వ్యాపారానికి పొయ్యి కాడ మోగే ఫోన్

[మొదటి షాట్: కట్టెల పొయ్యి. పెనం మీద జొన్నరొట్టె పొంగుతా ఉంటుంది. వెనక రాతిగోడ గూట్లో ఫోన్. కాసేపు మాట లేదు, మంట చప్పుడే.]

నమస్తే అక్కలూ, వదినలూ. మాది కర్నూలు జిల్లా పత్తికొండ పక్క పల్లె. జొన్నరొట్టెలు, సజ్జరొట్టెలు ఎండబెట్టి, బుడ్డల, అదే వేరుశెనగల పొడి జతచేసి అమ్ముతాను. సగం సరుకు ఆర్టీసీ కార్గోలో బెంగళూరికే పోతుంది. మన పక్క నుంచి పనులకు పోయినోళ్లు ఆడ ఎంతమంది ఉన్నారో మీకు తెలియంది కాదు.

పోయినేడు మాఘమాసంలో ఒకామె కొత్తింట్లో చేరుతా ఉన్నామని మూడు వందల రొట్టెల కోసం నాకు ఫోన్ చేసింది. నాలుగుసార్లు చేసింది. ఒక్కసారి కూడా మోగలేదు. ఫోన్ యాడో పోలేదు, ఇదో, ఈ గూట్లోనే ఉంది. పొద్దు గుంకినాక వాకిట్లోకి వస్తే మిస్డ్ కాల్ మెసేజీలు వరసగా పడినాయి. తిరిగి చేస్తే "మీరు దొరకలేదని వేరేవాళ్లకు చెప్పేసినామమ్మా" అనింది. ఆమె తప్పేముంది? అంతకు నెల ముందే పదహారు వేలు పోసి 5జీ సెల్లు కొన్నాను. అంగట్లో మెగాపిక్సెళ్లు లెక్కపెట్టిన నేను మా వంటింట్లో సిగ్నల్ ఉందా లేదా అని మాత్రం చూసుకోలేదు.

[షాట్: మా చిన్నోడు మూడు సిమ్ములు చాప మీద పరుస్తాడు.]

అందుకే ఈసారి తిరగేసి చేసినాం. ముందు సిమ్ము, తర్వాతే సెల్లు. మా చిన్నోడు పక్కింటోళ్లవి, మా తోడికోడలిది, మాది కలిపి మూడు కంపెనీల సిమ్ములు ఒక్క గంటకని అడుక్కొచ్చినాడు. ఒకే ఫోన్‌లో ఒకదాని తర్వాత ఒకటి వేసి ఇల్లంతా తిరిగినాం. పైన కనిపించే గీతలు చూడొద్దు. ఎన్ని గీతలు చూపాలో ఫోన్ కంపెనీ ఇష్టం. ఒక దాంట్లో మూడు గీతలైతే ఇంకో దాంట్లో రెండే ఉంటాయి. సెట్టింగ్స్‌లోకి పోండి. అబౌట్ ఫోన్, దాంట్లో స్టేటస్, దాంట్లో సిమ్ స్టేటస్. అక్కడ సిగ్నల్ స్ట్రెంత్ అని మైనస్‌తో ఒక అంకె ఉంటుంది, పక్కన డీబీఎం అని. కొన్ని ఫోన్లలో అది దొరకదు, అప్పుడు డయలర్‌లో *#*#4636#*#* కొడితే చానావాటిలో వస్తుంది.

మైనస్ అంకె కాబట్టి చిన్నదైతేనే మేలు. 4జీలో మైనస్ 90 లోపల ఉంటే దర్జాగా ఉన్నట్టు. 100 నుంచి 110 దాకా నెట్టుకురావచ్చు. 115 దాటిందా, ఫోటో పోదు, ఫోన్ మోగడం కూడా దాని దయ.

[షాట్: వాకిలి. ఫోన్ తెర దగ్గరగా: మైనస్ 94. కట్. పొయ్యి కాడ, అదే ఫోన్: మైనస్ 116.]

చూసినారా? ఇరవై అడుగులు లోపలికి వచ్చినామంతే. తేడా 22. ఈ లెక్కలో మైనస్ పక్క అంకె పది పెరిగితే బలం పదో వంతు అవుతుంది, ఇరవై పెరిగితే నూరో వంతు. అంటే వాకిట్లో ఉన్న సిగ్నల్‌లో నూరో వంతు కూడా పొయ్యి కాడికి రాలేదు.

కారణం ఈ గోడ. మన పాత మిద్దెలు రెండడుగుల మందం రాతికట్టు. ఎండాకాలం చల్లగా ఉంటుందని మురిసిపోతాం గానీ, టవర్ నుంచి వచ్చేదాన్ని కూడా అదే గోడ తాగేస్తుంది. రేకుల షెడ్డు వేసుకున్నోళ్లు నవ్వొద్దు, రేకు ఇంకా మొండిది, వచ్చింది వచ్చినట్టే తిప్పికొడుతుంది.

అన్ని కంపెనీల అలలూ గోడను ఒకేలా దాటవు. తక్కువ ఫ్రీక్వెన్సీ దూరం పోతుంది, గోడలోనూ దూరుతుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీ స్పీడు ఇస్తుంది, గోడ కాడ ఆగిపోతుంది. ఫ్రీక్వెన్సీ అంటే అల ఎంత వేగంగా ఊగుతుందో ఆ లెక్క, దాన్ని మెగాహెర్ట్జ్‌లో చెప్తారు. జియోకు 850 మెగాహెర్ట్జ్ ఉంది, ఎయిర్‌టెల్ 900 వాడుతుంది, బీఎస్‌ఎన్‌ఎల్ 4జీకి 700 ఉంది. 1800, 2300 లాంటివి ఊరి నడిమిలో టవర్ ఉన్నోళ్లకు బాగుంటాయి. మీ ఊరికి ఏ టవర్ యాడుందో, దాని మీద ఏది పెట్టినారో ఇంట్లో కూర్చుని చెప్పలేం. అందుకే సిమ్ములు అడుక్కొచ్చి తిరిగేది. మా ఇంట్లో గెలిచింది ఏ కంపెనీ అని కామెంట్లలో అడగొద్దు. మా పక్క వీధిలోనే వేరేది గెలిచింది.

ఇంకో సంగతి, ఇది నాకు చానా లేటుగా తెలిసింది. రీల్సు బాగా వస్తాయి, మనం ఫోటో పంపితే మాత్రం గుండ్రంగా తిరుగుతానే ఉంటుంది. ఎందుకంటే టవర్‌కు పదుల వాట్ల బలం, మన ఫోన్‌కు గట్టిగా అరిస్తే 0.2 వాట్లు. టవర్ మాట మనకు వినపడుతుంది, మన మాట దానికి వినపడదు. వ్యాపారంలో మనం పంపేదే ఎక్కువ కదా, సరుకు ఫోటోలు, వీడియోలు. కాబట్టి స్పీడ్ టెస్ట్ చేసేటప్పుడు డౌన్‌లోడ్ చూసి సంబరపడొద్దు, కింద ఉండే అప్‌లోడ్ అంకె చూడండి. ఫోన్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ ట్రాయ్ వాళ్ల మైస్పీడ్ యాప్ ఉచితమే. రాత్రి ఏడున్నర, ఎనిమిదికి చేయండి. ఊరంతా ఫోన్లు పట్టుకునే టైం అది. పొద్దున పదకొండుకు చేస్తే ఏ సిమ్మైనా బంగారమే.

[షాట్: మిద్దె మీద నుంచి దూరంగా టవర్. చిన్నోడి చెయ్యి దాన్ని చూపిస్తుంది.]

చిన్నోడు: రెండు కంపెనీల సిమ్ములు వేసుకుంటే ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది కదా?

వేసుకోవాల్సిందే. కానీ ఆ కనిపించే కంబం ఒకటే, దాని మీద కంపెనీలు రెండో మూడో ఉంటాయి. కరెంటు పోయి, బ్యాటరీలు అయిపోతే ఆ కంబం మీద ఉన్నోళ్లంతా కలిసే పోతారు. ఈసారి కరెంటు గంటసేపు పోయినప్పుడు గమనించండి, ఏ సిమ్ము బతికుంటుందో. రెండో సిమ్ము అదే ఉండాల. దానికి నెలనెలా డేటా ప్యాక్ దండగ. 2024 డిసెంబర్లో ట్రాయ్ చెప్పినాక కాల్స్, ఎస్సెమ్మెస్‌లకే ప్యాక్‌లు వచ్చినాయి, 365 రోజులవి కూడా ఉన్నాయి. వాడకుండా మూలన పడేస్తే మాత్రం 90 రోజుల తర్వాత ఆ నంబరు తీసేసి, కొన్నాళ్లకు ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. బ్యాంకు నంబరు అదే అయ్యుంటే ఇంగ తిప్పలే.

రెండు సిమ్ముల ఫోన్లు చానావాటిలో ఒక సిమ్ము మీద మాట్లాడుతుంటే రెండోది దొరకదు. కాల్ ఫార్వర్డింగ్ పెట్టుకోండి, అంటే ఒక నంబరు దొరక్కపోతే ఆ ఫోన్ రెండో నంబరుకు పోయేట్టు.

సిమ్ము నచ్చలేదని నంబరు మార్చొద్దు. పార్సిల్ కవర్ల మీద, వాట్సాప్ బిజినెస్‌లో, కస్టమర్ల ఫోన్లలో ఉండే నంబరే మన అంగడి బోర్డు. పోర్ట్ పెట్టుకోండి, అంటే నంబరు అదే, కంపెనీ మాత్రమే మారుతుంది. ఇంగ్లీషులో పోర్ట్ అని కొట్టి, ఖాళీ వదిలి, మన నంబరు రాసి 1900కు మెసేజ్ చేస్తే ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. దానికి ఆయుష్షు నాలుగు రోజులే, ఆలోపల ఆధార్ తీసుకొని కొత్త కంపెనీ వాళ్ల దగ్గరికి పోవాల. ఇప్పుడున్న కంపెనీలో 90 రోజులు నిండుండాల. ఈ మధ్యనే సిమ్ము మార్పించుకొనుంటే ఏడు రోజులు ఆగాల. మారే రాత్రి కొన్ని గంటలు ఫోన్ పనిచేయదు, కాబట్టి సంక్రాంతి, ఉగాది ఆర్డర్ల ముందు పెట్టుకోవద్దు. సిమ్ము మీ పేరు మీదే ఉండాల. మా తోడికోడలు సిమ్ము ఆమె మరిది పేరున ఉంది. పోర్ట్‌కు పోతే ఆయన కావాలన్నారు, ఆయన చూస్తే హైదరాబాదులో.

[షాట్: పిండి అంటిన చెయ్యి, ఫోన్ తెర మీద వేలు పనిచేయదు. నవ్వు.]

ఇప్పుడు సెల్లు. దీనికి ఎక్కువసేపు పట్టదు. 6 జీబీ ర్యామ్, 128 జీబీ మెమరీ, 5000 బ్యాటరీ ఉంటే మన పనికి చాలు. 5జీ ఉంటే ఉండనీ, దానికోసం పైన రెండు మూడు వేలు పెట్టొద్దు. యూపీఐకీ వాట్సాప్‌కీ 4జీ చాలు. మెమరీ కార్డు వేస్తే రెండో సిమ్ము పట్టని రకం ట్రే ఉందేమో అంగట్లోనే తెరిపించి చూడండి. రెండో సిమ్ము బీఎస్‌ఎన్‌ఎల్ అనుకుంటే ఆ 700కి ఫోన్‌లో బ్యాండ్ 28 ఉందా అని అడగండి. అంగడాయనకు తెలియకపోతే ఆ మోడల్ పేరు కొట్టి కంపెనీ సైట్లోనే చూడొచ్చు. సర్వీస్ సెంటర్ కర్నూల్లోనో ఆదోనిలోనో ఉందో లేదో కనుక్కోండి. అద్దం పగిలితే ఫోన్ ఎన్ని రోజులు మన చేతిలో ఉండదో దాన్ని బట్టే తెలుస్తుంది.

పాతది కొనేవాళ్లు *#06# కొట్టి వచ్చే పదహైదు అంకెలను, ముందు ఇంగ్లీషులో కేవైఎం అని పెట్టి, 14422కు మెసేజ్ చేయండి. దొంగ ఫోనని బ్లాక్ చేసుంటే బయటపడుతుంది. వాయిదాల మీద తీసుకునేవాళ్లు ఒకటి అడగాల: కంతు తప్పితే ఫోన్ లాక్ చేసే యాప్ వేస్తారా అని. మా ఊర్లో ఒకామెకు అట్లే అయింది. ఆమె కుట్టు మిషన్ ఆర్డర్లన్నీ ఆ ఫోన్‌లోనే ఉండిపోయినాయి.

కెమెరా గురించి అడుగుతారని తెలుసు. పొద్దున ఎనిమిదికి వాకిట్లో, నీడ పట్టున, నల్లబండ మీద రొట్టె పెట్టి తీయండి. పదివేల ఫోనైనా బాగానే వస్తుంది. ఈ ట్యూబులైటు కింద తీస్తే యాభై వేలదైనా రొట్టె పచ్చకామెర్లు వచ్చినట్టుంటుంది.

[షాట్: కిటికీ పక్క గూడు. అందులో చిన్న సౌండ్‌బాక్స్, దాని పక్కన ఫోన్.]

డబ్బులు చెప్పే ఈ డబ్బా సంగతి ఒకటి ఉంది. దీంట్లో వేరే సిమ్ము ఉంటుంది, అది మనం ఏరుకున్నది కాదు. తెచ్చిన కొత్తలో పొయ్యి కాడ పెడితే నోరెత్తలేదు. కస్టమర్ "వేసినానక్కా" అంటాడు, ఇది మాట్లాడదు, నాకు అనుమానం. డబ్బా మూగబోయినా, మన ఫోన్ ఆగిపోయినా క్యూఆర్‌కు వేసిన డబ్బు బ్యాంకులో పడేది పడుతుంది. వచ్చిందని తెలిసేదే లేటు. ఎవరో చూపించే స్క్రీన్ షాట్ నమ్మొద్దు, బ్యాంకు మెసేజ్ వచ్చినాకే సరుకు ఇవ్వండి. డబ్బు రావడానికి పిన్ కొట్టమన్నాడంటే వాడు దొంగే, డబ్బులు పోయినాయనుకుంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు చేయండి.

చివరికి ఈ కిటికీ పక్క గూడు దొరికింది. ఈడ అంకె మైనస్ 101. పొయ్యికి నాలుగడుగులు. ఫోన్, డబ్బా రెండూ ఈడే ఉంటాయి, ఛార్జర్ వైరు కూడా ఈడికే లాగించినాను...

[సౌండ్‌బాక్స్: "నూట ఎనభై రూపాయలు అందాయి."]

ఎవరేసినారో? వాకిట్లో ఎవరూ లేరే. చిన్నోడా, ఆ రొట్టె తిప్పు, మాడిపోతుంది. చూసొస్తా ఉండు.