బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం

శ్రోతలకు నమస్కారం.

బెజవాడలో ఆటో ఎక్కి "బాపు మ్యూజియానికి పోనీ బాబూ" అన్నాను. "గాంధీగారి మ్యూజియమేగా సార్?" అన్నాడు. తప్పనడానికి లేదు. అది ఉన్నది మహాత్మాగాంధీ రోడ్డులోనే. కాకపోతే ఆ పేరు బోర్డుల మీదే, జనం నోట్లో మాత్రం ఇప్పటికీ బందరు రోడ్డే.

ఈ బాపు మన బొమ్మల బాపు, సత్తిరాజు లక్ష్మీనారాయణగారు. 2014లో ఆయన పోయాక మ్యూజియానికి ఆయన పేరు పెట్టారు. అంతకుముందు అది విక్టోరియా జూబిలీ మ్యూజియం. రాణిగారు గద్దెనెక్కి యాభై ఏళ్లయిందని 1887లో ఈ భవనానికి శంకుస్థాపన చేశారు. పునాదిరాయి వేసింది అప్పటి కృష్ణా కలెక్టరు రాబర్ట్ సీవెల్. ఈ దొరకి పాత రాళ్లంటే మహా ఇష్టం. అంతకు పదేళ్ల ముందే అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు చేయించాడు. తర్వాత విజయనగర చరిత్ర రాసిందీ ఆయనే. చివరికి ఆయన వేసిన పునాది మీదికే మన పాత రాళ్లు వచ్చి చేరాయి. నాకిది భలే తమాషాగా ఉంటుంది.

ఇక 1921. కాంగ్రెస్ సభలకి గాంధీజీ బెజవాడ వచ్చారు. పింగళి వెంకయ్యగారు జెండా నమూనా ఆయనకి చూపించింది అప్పుడే. ఆ ముచ్చట చెప్పేటప్పుడు ఊళ్లోవాళ్లు ఈ భవనాన్నే చూపిస్తారు. మరి ఆటో అబ్బాయిని ఏమని దిద్దుతాం?

పాత భవనాన్ని బాగుచేసి, 2020 అక్టోబరులో మ్యూజియాన్ని మళ్లీ తెరిచారు. కత్తులు, నాణేలు, పింగాణీ చాలానే ఉన్నాయి. వాటి దగ్గర నేను ఎక్కువసేపు నిలబడను. నా కాళ్లు ఆగేది అల్లూరు బుద్ధుడి దగ్గరే. నిలువెత్తు విగ్రహం. అందరూ పాలరాయి అనుకుంటారు గానీ అది సున్నపురాయి. కృష్ణా తీరపు శిల్పులు చెక్కిన రాయి అదే. మెత్తగా ఉలికి లొంగుతుంది. అందుకే బట్ట మడతలు అంత సన్నగా వచ్చాయి. ఒక పక్కకి వంగి, ఆ మడతలు భుజం మీంచి కిందికి జారే తీరు చూడండి. ఉతికి ఆరేసిన పంచెని ఇప్పుడే కట్టుకున్నట్టుంటుంది.

మొన్న నా పక్కన ఒక చిన్నపిల్ల వాళ్ల అమ్మమ్మని అడిగింది, "రాయిని ఇస్త్రీ చేశారా అమ్మమ్మా?" అని. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, విగ్రహం దగ్గరికి ఇంకో అడుగు వేసింది.