గ్యాస్ ఎక్కడికి పోయింది?

అందరికీ నమస్కారం. పాత కారులో ఏసీ చల్లగా రావట్లేదనగానే మన నోట వచ్చే మొదటి మాట "గ్యాస్ అయిపోయింది, కొట్టిస్తే సరి". ఈ మాట మానుకోమని చెప్పడానికే వచ్చాను. ఏసీని చల్లబరిచే ఈ గ్యాస్ వాడే కొద్దీ ఖర్చయ్యేది కాదు, మూసి ఉన్న దారిలో అదే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ఏళ్ల మీద రబ్బరు గొట్టాల్లోంచి కొద్దిగా పోవడం మామూలే గానీ, పోయిన నెల కొట్టించింది ఈ నెల లేదంటే కచ్చితంగా ఎక్కడో లీకుంది.

ముందు బానెట్ ఎత్తండి. ఏసీ వేయగానే, గ్యాస్‌ని ఒత్తి తిప్పే కంప్రెసర్ ముందున్న క్లచ్ ప్లేటు టక్కుమని అతుక్కుని పుల్లీతో పాటు తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే చూడండి, కానీ కరెంటు దోషమేనని అప్పుడే తేల్చేయకండి, ఎందుకంటే గ్యాస్ బాగా తగ్గినా ప్రెజర్ స్విచ్ క్లచ్‌ని ఆపేస్తుంది. బండి పరుగెడుతుంటే చల్లగా వచ్చి, ఆగితే వేడిగాలి వస్తోందా? అయితే గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్ ఫ్యాన్‌ని, కండెన్సర్ రెక్కల మధ్య పేరుకున్న మట్టిని ముందు అనుమానించండి.

గ్యాస్ ఒత్తిడి కొలిచే గేజీల దగ్గర చాలామంది పొరబడతారు. ఆర్-134ఎ అనే రకం గ్యాస్ ఉన్న బండిలో, ఇంజన్ ఆపి బయటి వేడి 30 డిగ్రీలుంటే రెండు ముళ్లూ 95 పీఎస్ఐ దగ్గర నిలుస్తాయి. అది చూసి గ్యాస్ నిండుగా ఉందనుకుంటారు. లోపల గ్యాస్ ద్రవంగా కాస్త మిగిలి ఉన్నా అంతే చూపిస్తుంది! అసలు సంగతి ఇంజన్ నడుస్తుండగా తెలుస్తుంది. లో సైడ్ (గ్యాస్ కంప్రెసర్‌లోకి వచ్చే వైపు), హై సైడ్ (కంప్రెసర్ బయటికి నెట్టే వైపు) రెండింటా ఒత్తిడి తక్కువుంటే గ్యాస్ తక్కువ, లో సైడ్ ఎక్కువై హై సైడ్ తక్కువైతే కంప్రెసర్ నీరసించింది, లో సైడ్ సున్నా కిందికి, అంటే వాక్యూమ్‌లోకి జారితే, గ్యాస్‌ని కొలిచి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర అడ్డు పడి ఉండొచ్చు.

లీకు వెతకడానికి కంటికి మించిన పరికరం లేదు. గ్యాస్ పోయేటప్పుడు ఆయిల్‌ని కూడా వెంట తీసుకుపోతుంది, అందుకే జాయింటు కింద జిడ్డుగా, దుమ్ము అంటుకుని నల్లగా మరక కనిపిస్తే అక్కడ సబ్బు నురగ రాయండి. చిన్న లీకైతే యూవీ డై (యూవీ లైటు కింద మెరిసే రంగు) వేయాలి. లీకు పూడ్చే డబ్బా మందులు మాత్రం వద్దే వద్దు, అవి వాల్వుల్లో గడ్డకట్టి పని పెంచుతాయి.

విప్పాక జాయింట్లలోని రబ్బరు ఓ-రింగులు, తేమ పీల్చే డ్రయర్ మార్చాల్సిందే. పంపుతో లోపలి గాలి లాగేసి కనీసం అరగంట వాక్యూమ్ పట్టాలి, తేమ ఆవిరై బయటికి పోయేది అప్పుడే. 1990ల మొదట్లోవి, అంతకు ముందువి అయితే ఆర్-12 అనే పాత రకం గ్యాస్ బండ్లు కావచ్చు, వాటి ఆయిలే వేరు కాబట్టి పాత ఆయిల్‌తోనే ఆర్-134ఎ ఎక్కిస్తే ఆ ఆయిల్ గ్యాస్‌లో సరిగా కలవదు, కంప్రెసర్ పట్టేస్తుంది.

గ్యాస్‌ని అంచనాతో కాకుండా తూకం వేసి, బండి స్టిక్కర్ మీదున్న గ్రాముల ప్రకారమే ఎక్కించమనండి. బండి ఇచ్చేటప్పుడు మెకానిక్‌ని ఒక్కటే అడగండి: లీకు ఎక్కడుందో చూపించు.