ముందు షాపులు, వెనక గోదాములు

అందరికీ నమస్కారం. మైకు కాస్త దగ్గరగా జరపండి బాబూ. ఇరవై ఆరేళ్లు కోల్డ్ స్టోరేజీ కంప్రెసర్ల మధ్య పనిచేశాను, నా గొంతు నాకే సరిగ్గా వినపడదు.

మన కాలనీ పక్క ఖాళీ స్థలంలో రాబోయే కట్టడం గురించి మాట్లాడమన్నారు. బొమ్మ మీరంతా వాట్సాప్‌లో చూసే ఉంటారు. రోడ్డు వైపు అద్దాల షాపులు, పైన ఫంక్షన్ హాలు, మెట్ల పక్కన పూలకుండీలు. బాగుంది. కానీ బొమ్మలో వెనకభాగం లేదు. అక్కడ మిర్చి గోదాములు, ఒక కోల్డ్ స్టోరేజీ, కారం మిల్లు అని ప్లాను కాగితంలో ఉంది. మన పడకగదుల కిటికీలు తెరుచుకునేది అటే.

ముందే ఒక మాట. గుంటూరులో ఉంటూ మిర్చి ఘాటు పడదంటే నవ్వుతారు. ఈ కాలనీలో చాలా ఇళ్లు మిర్చి యార్డు డబ్బుతో లేచినవే, నాదీ అంతే. తొడిమలు తీసే పనికి వెళ్లే ఆడవాళ్లు ఆ వెనక వరసలో కూర్చున్నారు. గోదాము దగ్గరికొస్తే ఆటో డబ్బులు మిగులుతాయి కదా అన్నా అని నిన్న ఒకమ్మాయి అంది. ఆ మాటలో తప్పేముంది? అందుకే మొత్తానికే వద్దనడానికి నాకు నోరు రావడం లేదు.

కానీ కోల్డ్ స్టోరేజీ అంటే పెద్ద ఫ్రిజ్ అనుకోకండి. చాలావాటి పైపుల్లో తిరిగేది అమ్మోనియా. మైనస్ 33 డిగ్రీలకే మరిగిపోయే సరుకు. లీకైతే ముందు కళ్లు మండుతాయి, తర్వాత గొంతు పట్టేస్తుంది. మేం గంధకం పుల్ల వెలిగించి జాయింట్ల వెంట తిప్పేవాళ్లం. లీకున్న చోట తెల్లటి పొగ లేస్తుంది. ఒకసారి తెల్లవారుజామున ఒక వాల్వు దగ్గర గ్యాసు వదిలింది. ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని, గాలి ఎటు పోతోందో చూసుకుని, దానికి అడ్డంగా పరుగెత్తాం. అప్పట్లో ఆ ప్లాంటు చుట్టూ పత్తిచేలు, కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఇక్కడ గోడ అవతల ఎల్‌కేజీ పిల్లలు చదువుకుంటున్నారు.

ఇక లారీలు. సీజనులో మిర్చి యార్డు దగ్గర, చుట్టుగుంట వైపు వెళ్లినవాళ్లకి ఆ లారీల బారుల గురించి నేను చెప్పక్కర్లేదు.

చప్పుడు సంగతి మాత్రం కాస్త శ్రద్ధగా వినండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. వ్యాపార ప్రాంతంలో 65, 55. పారిశ్రామిక ప్రాంతంలో 75, 70. మరి అన్నీ కలగలిసిన చోట? ఏదో ఒక తరగతి కింద అధికారులు ప్రకటించవచ్చని అందులోనే ఉంది. చిక్కంతా అక్కడే. 45కీ 70కీ తేడా పాతికే కదా అనిపిస్తుంది. కానీ డెసిబెల్ లెక్కలో పది పెరిగితే ధ్వని తీవ్రత పదిరెట్లు. పాతిక పెరిగితే మూడువందల రెట్లు దాటుతుంది. మన గోడకి ఏ అంకె వర్తిస్తుందో పునాది తీయకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

"ఎలాగూ జనాన్ని పిలిచి అడుగుతారుగా" అని మా వీధి పెద్దాయన ధీమా. ఆ ఆశ పెట్టుకోకండి మాస్టారూ. 2006 పర్యావరణ నోటిఫికేషన్‌లో భవన నిర్మాణ ప్రాజెక్టులకి ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చారు. 20 వేల చదరపు మీటర్ల లోపు భవనమైతే ఆ పర్యావరణ అనుమతి జోలికే వెళ్లక్కర్లేదు. ఆ లెక్క దాటకుండా షాపులకి ఒక ప్లాను, గోదాములకి ఇంకో ప్లాను అని ముక్కలు చేసి చూపిస్తారేమోనని నా అనుమానం. అనుమానమే, నిజం కాకపోతే సంతోషం.

అందుకే కార్పొరేషన్‌కీ, కాలుష్య నియంత్రణ మండలికీ మనమే రాస్తున్నాం. మొత్తం స్థలానికి కలిపి ఒకే ప్లాను చూపించాలి. అమ్మోనియా మెషిన్ రూము బడి గోడకి వీలైనంత దూరంగా, అవతలి మూలకి పోవాలి. లారీలకి వేరే గేటు పెట్టాలి, రాత్రి పది తర్వాత టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, దించకూడదు. కారం మిల్లుకి దుమ్ముని బయటికి పోకుండా పట్టుకునే యంత్రం లేకుండా అనుమతి ఇవ్వకూడదు. గోదాములో పనికి మన వీధివాళ్లనే ముందు తీసుకోవాలన్న ముక్క కూడా చేర్చాను.

కాగితం ఆ బల్ల మీద ఉంది. అమ్మా, వెనక వరసలో వాళ్లూ, మీరే ముందు రండి. చదివించుకుని, మీకు నచ్చని మాట ఉంటే చెప్పండి, ఇక్కడే కొట్టేద్దాం. పెన్ను నా దగ్గరుంది.